28 లీటర్ల ఓటీజీ: క్రిస్మస్ కేకుకీ, బిస్కెట్లకీ, ఇంటి అలంకరణకీ సరిపోతుందా?

నలుగురైదుగురున్న ఇంటికి 28 లీటర్ల ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ మూడూ కలిసిన కరెంటు పెట్టె) సరిపోతుంది. డిసెంబరు మొదట్లో ఒక శని, ఆదివారం కేటాయిస్తే ఎనిమిది అంగుళాల ప్లమ్ కేకు ఒకటి, ముప్పై పైచిలుకు బిస్కెట్లు, దండకి గుచ్చే బత్తాయి చక్రాలు, చెట్టుకి వేలాడదీసే ఉప్పు పిండి బొమ్మలు, అన్నీ దీంట్లోనే అయిపోతాయి. పెట్టెతో పాటు ఇచ్చే పల్చటి ట్రేని, డయల్ మీద అచ్చేసిన అంకెల్ని మాత్రం నమ్ముకోవద్దు. ఇళ్ళలో కేకులు చెడిపోయేది ఎక్కువగా ఈ రెండింటి వల్లే. ఇక్కడ ఏ ఒక్క కంపెనీ గురించీ చెప్పడం లేదు. ఈ సైజులో బజారులో దొరికే 1500, 1600 వాట్ల పెట్టెలన్నీ లోపల దాదాపు ఒకే తీరుగా ఉంటాయి: పైన రాడ్లు, కింద రాడ్లు, ఒక థర్మోస్టాట్, ఒక టైమరు, అద్దం తలుపు. కొన్నిటికి ఫ్యాను ఉంటుంది. ధర ఆరేడు వేల నుంచి పది వేల లోపు.

ముందు సైజు సంగతి. 16, 19 లీటర్లవి చవగ్గా వస్తాయి, గట్టు మీద చోటు తక్కువ తీసుకుంటాయి. కానీ వాటిలో కేకు టిన్ను పెడితే పొంగిన కేకు నెత్తికీ పై రాడ్డుకీ మధ్య రెండు వేళ్ళ సందు కూడా మిగలదు. లోపల ఉడకకముందే పైన పెచ్చు కడుతుంది, ఆ పెచ్చుని పగలగొట్టుకుని పిండి పైకి తన్నుకొస్తుంది. 28 లీటర్ల పెట్టె లోపల సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 30 లోతు, 26 ఎత్తు ఉంటుంది. ఎనిమిది అంగుళాల టిన్ను, అంటే 20 సెంటీమీటర్లది, నడిమధ్యలో పెట్టినా చుట్టూ వేడి గాలి తిరగడానికి చోటుంటుంది. పది అంగుళాలది పడుతుంది గానీ ముందూ వెనకా సందుండదు, తలుపు వైపు తెల్లగా, వెనక నల్లగా వస్తుంది. కొలత టేపు తీసుకుని కొట్టుకి వెళ్ళి లోపలి కొలతలే చూసుకోండి. అట్టపెట్టె మీద రాసిన లీటర్ల కంటే అదే నిజం చెబుతుంది. 40, 60 లీటర్లవి ఇంటి నుంచి కేకులు చేసి అమ్మేవాళ్ళకి. ఇంటివరకైతే అవి వేడెక్కేసరికే కరెంటు దండగ.

కరెంటు అన్నాం కాబట్టి అదీ చెప్పాలి. 1500 వాట్లంటే 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యాను, మొబైల్ ఛార్జరు పెట్టే 6 ఆంపియర్ల చిన్న ప్లగ్గులో పెడితే గంట గంటన్నర నడిచేసరికి సాకెట్టు వేడెక్కి ప్లాస్టిక్ కాలిన వాసనొస్తుంది. గీజరుకో, ఏసీకో వాడే 16 ఆంపియర్ల పాయింటే కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దు, ఇన్వర్టరు లైను అసలే వద్దు. ప్లగ్గు తీగ పొట్టిగా ఇస్తారు, అందుకని గట్టు మీద ఎక్కడ పెడతారో ముందే చూసుకుని కొనాలి. వెనకా పక్కలా పది సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. బిల్లు గురించి బెంగ అక్కర్లేదు. రాడ్లు అస్తమానం వెలిగి ఉండవు, వేడి సరిపోగానే ఆరిపోయి మళ్ళీ వెలుగుతుంటాయి. పావుగంట ప్రీహీట్ (ఖాళీ పెట్టెని ముందుగా వేడెక్కించడం), గంటంపావు బేకింగ్ కలిపినా ఒక కేకుకి ఒకటిన్నర యూనిట్ల దరిదాపుల్లోనే అవుతుంది.

కొత్త పెట్టె తెచ్చిన రోజు కేకు పెట్టొద్దు. ఫ్యాక్టరీలో రాడ్లకి పూసిన నూనె కాలి పొగ వస్తుంది. కిటికీలు తెరిచి, ఖాళీగా, పూర్తి వేడి మీద ఇరవై నిమిషాలు నడపాలి. చల్లారాక లోపల తడిగుడ్డతో తుడవాలి. తరవాత డయల్ పరీక్ష. డయల్ 180 చూపిస్తుంటే లోపల 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. ఓవెన్ థర్మామీటరు కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది, కొనదగ్గ వస్తువు. అది లేకపోతే పంచదార పరీక్ష చాలు. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చిన్న రేకు మూతలో చెంచాడు పంచదార వేసి, 175 మీద బాగా వేడెక్కిన పెట్టెలో పావుగంట ఉంచండి. కరగకూడదు. తరవాత డయల్ 190 మీదికి తిప్పి ఇంకో పావుగంట. ఇప్పుడు కరగాలి. 175లోనే కరిగిందంటే మీ పెట్టె చెప్పినదానికంటే ఎక్కువ కాలుస్తోంది. 190లోనూ పలుకులు పలుకులుగానే ఉంటే తక్కువ. తేడా ఎంతో డయల్ పక్కన చిన్న టేపు ముక్క మీద రాసి అంటించుకుంటే ప్రతిసారీ లెక్కేసుకునే పని తప్పుతుంది. ప్రీహీట్ లైటు ఆరగానే వేడెక్కిందనుకోవద్దు. అప్పటికి గాలి మాత్రమే వేడెక్కుతుంది, గోడలు కాలవు. లైటు ఆరాక ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి.

ఈ పెట్టె స్వభావం ఒకటి గుర్తుంటే వారాంతం అంతా సాఫీగా సాగుతుంది. వేడి ఎక్కడం త్వరగా, దిగడం నెమ్మదిగా. 150 నుంచి 170కి ఐదారు నిమిషాల్లో పోతుంది. 170 నుంచి 100కి రావాలంటే తలుపు మూసి ఉంచితే అరగంట పైమాటే. అందుకని తక్కువ వేడి కావాల్సిన కేకు ముందు, ఆ తరవాత బిస్కెట్లు, చివర దిగుతున్న వేడిలో బత్తాయి చక్రాలు, ఉప్పు పిండి బొమ్మలు. ఈ వరస తిరగేస్తే మధ్యమధ్య తలుపు తీసి పెట్టెని చల్లారబెట్టుకుంటూ కూర్చోవాలి.

కేకు శనివారం తెల్లవారి ఆరున్నరకే మొదలుపెట్టాలి, దానికి కారణం ఉంది. ‘బటర్ రూమ్ టెంపరేచర్‌లో ఉండాలి’ అని వంటల పుస్తకాల్లో రాసేది చలిదేశాల గది గురించి, అంటే 20 డిగ్రీల లోపు. మన విజయవాడలో డిసెంబరు మధ్యాహ్నం కూడా 28, 29 డిగ్రీలుంటుంది. గట్టు మీద బటరు అరగంటలో జిడ్డులా జారిపోతుంది. జారిపోయిన బటరులో పంచదార వేసి ఎంత గిలక్కొట్టినా గాలి నిలవదు, కేకు పిడచలా వస్తుంది. కృష్ణ మీంచి చల్లగాలి వీచే ఆ పొద్దుటి రెండు గంటలే మనకి దొరికే అసలైన ‘రూమ్ టెంపరేచర్’. వేలితో నొక్కితే సొట్ట పడాలి, వేలికి మెరుపు అంటకూడదు. అదీ గుర్తు.

ఎనిమిది అంగుళాల టిన్నుకి కొలతలివి: మైదా 200 గ్రాములు, బటరు 150, పంచదార పొడి 120, గుడ్లు మూడు, బేకింగ్ పౌడరు ఒక టీస్పూను. దాల్చినచెక్క పొడి ఒక టీస్పూను, శొంఠి అర, లవంగాల పొడి పావు, గోరంత జాజికాయ. నానబెట్టిన పళ్ళు 375 గ్రాములు: కిస్‌మిస్ వంద, నల్ల కిస్‌మిస్ వంద, ఖర్జూరం ముక్కలు 75, చెర్రీలు 50, జీడిపప్పు పలుకులు 50. టూటీఫ్రూటీ వేయాలనుకుంటే 75 గ్రాములు, నానబెట్టకుండా చివర్లో. అది పచ్చి బొప్పాయి ముక్కలకి రంగు పట్టించినది, నానితే ఎరుపంతా దిగి మిగతా పళ్ళన్నీ ఒకే రంగైపోతాయి. ఉప్పు కలిసిన బటరైతే విడిగా ఉప్పు వేయొద్దు. కప్పులతో కాకుండా డిజిటల్ త్రాసుతో తూచండి. మైదా కప్పులో అదిమి నింపితే ఒక లెక్క, జల్లించి నింపితే ఒక లెక్క.

డ్రైఫ్రూట్స్‌కి విజయవాడలో వన్‌టౌన్, గుంటూరులో పట్నంబజారు వైపు వెళ్తే చూసి, రుచి చూసి, తూకం మీద తీసుకోవచ్చు. కిస్‌మిస్ మీద తెల్లటి పలుకులు కట్టి ఉంటే పాత సరుకు. వాడకూడదని కాదు, గోరువెచ్చని నీళ్ళలో ఐదు నిమిషాలుంచి కడిగి, గుడ్డ మీద ఆరబెడితే సరి. పళ్ళు బుధవారం రాత్రే నానబెట్టాలి. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచీ క్రిస్మస్ పండగ ఈ ఊళ్ళో వేళ్ళూనుకుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో కేకుకి రమ్ము వాడరు, ద్రాక్ష రసమో, బత్తాయి రసమో పోస్తారు. 150 మిల్లీలీటర్లు చాలు. రమ్ములో నానేవి నెలల తరబడి బయట ఉన్నా ఏమీ కావు. రసంలోవి అలా కాదు, మన వేడికి రెండో రోజుకే పొంగి పులుపెక్కుతాయి. గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. శుక్రవారం రాత్రి తీసి, వడగట్టి, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టి, పొద్దున బటరుతో పాటే బయట పెట్టాలి.

కేకుకి ఆ ముదురు రంగు, ఆ చిరుచేదు ఇచ్చేది కారమెల్. బజారు కేకులకీ ఇంటి కేకుకీ రుచిలో తేడా ముఖ్యంగా ఇక్కడే తెలుస్తుంది కాబట్టి కొంచెం నిదానంగా చెప్పాలి. ఇది కూడా శుక్రవారం రాత్రే చేసి పెట్టుకోవాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వంద గ్రాముల పంచదార, రెండు చెంచాల నీళ్ళు వేసి సన్న సెగ మీద పెట్టండి. గరిటె పెట్టొద్దు. గరిటె తగిలితే పంచదార మళ్ళీ పలుకు కడుతుంది. గిన్నె చెవులు పట్టుకుని మెల్లగా తిప్పితే చాలు. ముందు అంచుల్లో తేనె రంగు వస్తుంది, తరవాత నడుమకి పాకుతుంది, ఆపైన చింతపండుతో తోమని రాగి చెంబు రంగుకి తిరుగుతుంది. సన్నగా ఒక పొగ తీగ లేచిన క్షణంలో పొయ్యి కట్టేయాలి. ఇంకో పది సెకన్లు ఆగితే పనికిరాని చేదు. పక్కన మరిగించి సిద్ధంగా పెట్టుకున్న వంద మిల్లీలీటర్ల వేడినీళ్ళు, చెయ్యి దూరంగా పెట్టి, మూడు నాలుగు విడతలుగా పోయాలి. బుస్సుమని ఆవిరి, చిందులు లేస్తాయి. చన్నీళ్ళు పోస్తే ఆ చిందులు ఇంకా ఎక్కువ, పైగా పాకం రాయిలా గడ్డకడుతుంది. ఈ ఒక్క పనికి పిల్లల్ని వంటింట్లో ఉంచొద్దు. కారమెల్ పూర్తిగా చల్లారాకే పిండిలో కలపాలి. వెచ్చగా పోస్తే గిలక్కొట్టిన బటరంతా కరిగిపోతుంది.

పొద్దున బటరూ పంచదార పొడీ తెల్లబడి మెత్తటి నురగలా అయ్యేదాకా, చేత్తోనైతే పదిహేను నిమిషాలు, బీటరుతో ఐదు నిమిషాలు కొట్టాలి. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వేస్తే మిశ్రమం విరిగిన పాలలా అవుతుంది. గంట ముందు తీసి ఉంచి, ఒక్కొక్కటే వేస్తూ కలపండి. అయినా విరిగితే ఒక చెంచా మైదా వేస్తే మళ్ళీ కలుస్తుంది. మైదా, బేకింగ్ పౌడరు, మసాలా పొడులు రెండుసార్లు జల్లించి, కారమెల్‌తో మార్చి మార్చి మూడు విడతల్లో వేసి, గరిటెతో కింద నుంచి పైకి మడుస్తూ కలపాలి. ఇక్కడ బలం చూపిస్తే కేకు రబ్బరు అవుతుంది. పళ్ళకి రెండు చెంచాల మైదా పొడిగా పట్టించి ఆఖర్న వేయాలి. పళ్ళన్నీ అడుక్కి దిగిపోయాయంటే రసం సరిగా వడగట్టలేదన్నమాట, లేదా పిండి పల్చబడిందన్నమాట. గరిటె ఎత్తితే పిండి ధారగా కారకూడదు, ముద్దగా జారి పడాలి. గుడ్డు వాడని ఇంట్లో మూడు గుడ్లకి బదులు 180 గ్రాముల గట్టి పెరుగు, అర టీస్పూను వంట సోడా వేయొచ్చు. కేకు కాస్త బరువుగా వస్తుంది, రుచికి లోటుండదు.

టిన్ను మందపాటి అల్యూమినియందే కొనండి. పల్చటి నల్ల టిన్నులు కింది రాడ్డు వేడిని నేరుగా లాగి అడుగు మాడుస్తాయి. లోపల అడుక్కీ చుట్టూకీ రెండు పొరల కాగితం వేయాలి. కొట్లలో బటర్ పేపరు పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మైనం పూసినదైతే వేడికి కరిగి కేకుకి అంటుకుంటుంది. బేకింగ్ పార్చ్‌మెంటు అని అడిగి తీసుకోవాలి. అది దొరక్కపోతే మైనం లేని మామూలు బటర్ పేపరుకి రెండు వైపులా నెయ్యి రాయాలి.

పై రాడ్లు, కింది రాడ్లు రెండూ వెలిగే గుర్తు మీద, 150 డిగ్రీల అసలు వేడిలో, టిన్ను పెట్టె ఎత్తుకి సగంలో ఉండేలా కింది మెట్టు మీద పెట్టండి. 70 నుంచి 80 నిమిషాలు. మొదటి నలభై నిమిషాలు తలుపు తీయొద్దు, తీస్తే నడుమ కూలుతుంది. నలభై ఐదో నిమిషంలో పైన రంగు వచ్చేసి ఉంటే రేకు కాగితం వదులుగా కప్పాలి. నడుమ గుచ్చిన పుల్లకి తడి పిండి అంటకుండా రావాలి. పండు గుజ్జు అంటితే అది వేరే సంగతి, ఇంకో చోట గుచ్చి చూడండి. వేడి టిన్ను పట్టుకునే మసిగుడ్డ పొడిగా ఉండాలి. తడిగుడ్డలోంచి ఆవిరి క్షణంలో చేతికి తగులుతుంది. కేకు టిన్నులోనే పూర్తిగా చల్లారనిచ్చి, కాగితంతో సహా తీసి, మరో పొర చుట్టి డబ్బాలో పెట్టాలి. మూడో రోజుకి మసాలా పళ్ళలోకి దిగి రుచి కుదురుతుంది. రసం పోసిన కేకు బయట నాలుగు రోజులు, ఆపైన ఫ్రిజ్‌లో.

మధ్యలో కరెంటు పోతే? మొదటి అరగంటలో పోతే ఏమీ చేయలేం, కేకు దిగుతుంది. దాన్ని ముక్కలు చేసి కస్టర్డ్‌లో వేసుకోవచ్చు. నలభై ఐదు నిమిషాల తరవాత పోతే తలుపు తీయకుండా ఉంచండి, పెట్టెలోని వేడి ఇరవై నిమిషాలు కాపాడుతుంది. కరెంటు వచ్చాక ప్రీహీట్ లేకుండా అక్కడి నుంచే కొనసాగించి, పోయినంత సమయానికి మరో పది నిమిషాలు కలుపుకోండి.

బిస్కెట్లు తేలిక. బటరు 150, పంచదార పొడి 100, మైదా 240, ఒక పచ్చసొన, అర టీస్పూను శొంఠి, అర టీస్పూను దాల్చినచెక్క. చపాతీ పిండిలా పిసక్కూడదు, ముద్దయ్యేదాకా కలిపి వదిలేయాలి. రెండు మందపాటి ప్లాస్టిక్ కాగితాల మధ్య అర సెంటీమీటరు మందంగా వత్తి, పళ్ళెంతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. అప్పుడు నక్షత్రం, గంట, చెట్టు అచ్చులతో కోసి, ట్రేలో పేర్చి, మళ్ళీ పావుగంట ఫ్రిజ్‌లో. ఈ రెండో పావుగంట మానేస్తే మన ఉక్కకి నక్షత్రం మొనలు కరిగి బెండపువ్వులా పరుచుకుంటుంది. 170 మీద 12 నుంచి 14 నిమిషాలు. అంచులు గోధుమరంగుకి తిరగగానే తీయాలి. అప్పుడు మెత్తగానే ఉంటాయి, జాలీ మీద పది నిమిషాల్లో గట్టిపడతాయి. ఈ పెట్టెలో ఒకసారికి ఒక్క ట్రేనే. రెండు ట్రేలు పైనా కిందా పెడితే పైవి పైన మాడతాయి, కిందివి అడుగున మాడతాయి. ఏడు నిమిషాలయ్యాక ట్రేని ముందువైపు వెనక్కి తిప్పండి, ఎందుకంటే తలుపు వైపు ఎప్పుడూ పది డిగ్రీలైనా తక్కువే. పైన తెల్లగా గీయడానికి వంద గ్రాముల ఐసింగ్ షుగరులో మూడు టీస్పూన్ల పాలు, నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. ఆదివారం పిల్లల చేత గీయించే పని ఇదే.

ఆఖరి బిస్కెట్ల ట్రే బయటికి రాగానే డయల్ 100కి తిప్పి, తలుపు సందులో చెక్క గరిటె అడ్డం పెట్టండి. బొమ్మలూ చక్రాలూ ఎండాలంటే తేమ బయటికి పోవాలి. చక్రాలకి కమలాలు కొంటుంటారు, అది వృథా. కమలా తొక్క వదులు, కోయగానే తొనలు విడిపోతాయి. బత్తాయి తొక్క గట్టిగా పట్టి ఉంటుంది, చక్రం చక్రంలాగే నిలుస్తుంది. అర సెంటీమీటరు మందాన అడ్డంగా కోసి, గుడ్డతో అద్ది, జాలీ మీద పరిచి మూడు నాలుగు గంటలు, గంటకోసారి తిప్పుతూ. వెలుతురుకి పట్టి చూస్తే పలచటి రంగుటద్దంలా కనిపించాలి. నడుమ నొక్కితే జిగురుగా ఉంటే ఇంకా పచ్చే, వారంలో బూజు పడుతుంది. కొన్ని పెట్టెల డయల్ 100 దగ్గరే మొదలవుతుంది, కొన్నిటిది 60 నుంచి. ఈ పని కోసమైతే 60 నుంచి ఉన్నదే మేలు.

ఉప్పు పిండికి రెండు కప్పుల మైదా, ఒక కప్పు మెత్తటి ఉప్పు, ముప్పావు కప్పు నీళ్ళు. పది నిమిషాలు బాగా పిసకాలి, ఇక్కడ పిసకడమే మంచిది. అర సెంటీమీటరు మందంగా వత్తి, కోసి, దారానికి స్ట్రాతో కన్నం పెట్టి, 100 మీద రెండున్నర మూడు గంటలు. 120 దాటితే పొక్కులు లేస్తాయి. మన కోస్తాలో వీటికి ఒక చిక్కు ఉంది. ఉప్పు గాలిలో తడిని లాగుతుంది, తుఫాను వారంలో బొమ్మలు చెమర్చి దారం దగ్గర తెగి పడతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, అంటే అలాంటి వాన సరిగ్గా ఈ అలంకరణ రోజుల్లోనే రావచ్చు. అందుకని రంగు ఆరాక రెండు పూతలు వార్నిష్ తప్పనిసరి, వెనకవైపూ, కన్నం లోపలా కూడా. బిస్కెట్లకీ వీటికీ అచ్చులు ఒకటే కాబట్టి పొయ్యిలోంచి వచ్చిన వెంటనే వేరే పళ్ళెంలో పెట్టి రంగు వేయండి. చిన్నపిల్లలు కొరికితే నోరంతా ఉప్పు.

కేకు పెట్టెలో ఉన్న గంటంపావూ పిల్లలు అద్దం తలుపు దగ్గరే తచ్చాడతారు. ఆ అద్దం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, అదీ ఈ పెట్టెలకున్న పెద్ద లోపమే. వాళ్ళని వసారాలో కూర్చోబెట్టి నక్షత్రం కట్టించడం దీనికి మంచి విరుగుడు. 60 సెంటీమీటర్ల వెదురు బద్దలు పది, 15 సెంటీమీటర్లవి ఐదు, పురికొస, రంగు కాగితం. ప్రతి పొడుగు బద్దకీ రెండు చివర్ల నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర పెన్సిలుతో గీత పెట్టండి. ఐదు బద్దలతో నక్షత్రం పరిస్తే బద్దలు ఒకదాన్నొకటి సరిగ్గా ఆ గీతల దగ్గరే దాటాలి. దాటకపోతే ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి. ఐదు మొనలూ పురికొసతో కట్టాలి. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, మొనలు జతగా కట్టి, లోపల దాటిన ఐదు చోట్లా పొట్టి బద్దలు నిలబెట్టి విడదీస్తే నక్షత్రానికి పొట్ట వస్తుంది. రెండు చెంచాల మైదా అర గ్లాసు చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి కాచిన జిగురుతో కాగితం అంటించాలి. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లల చేతుల్లో పెట్టే జిగురులో వద్దు. గాలిపటాల కాగితంలోంచి వెలుగు అందంగా వస్తుంది గానీ పొద్దుటి మంచుకి సాగిపోతుంది, చూరు కిందైతేనే అది. లోపల చిన్న ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టాలి, పాతకాలం 60 వాట్ల బల్బు కాగితాన్ని కాలుస్తుంది. కింది రెండు కాళ్ళ మధ్య ఒక పక్క అంటించకుండా వదిలితే బల్బు మార్చుకోవచ్చు.

చెట్టుకి బజారు ప్లాస్టిక్ కంటే సరుగుడు కొమ్మ బాగుంటుంది. బాపట్ల, చీరాల వైపు సరుగుడు తోటలు బోలెడు. బకెట్టులో తడి ఇసుక పోసి నిలబెడితే పది రోజుల దాకా పచ్చగా ఉంటుంది. 25 దాకా నిలవాలంటే మూడో వారంలో తెచ్చుకోవడం మేలు. బత్తాయి చక్రాలు దాని మీద లైట్ల ముందు వేలాడదీస్తే ఆ పసుపు మెరుపు ఏ బజారు బొమ్మకీ రాదు.

కొనాలా వద్దా అంటే: ఏడాదికి ఒక్క కేకు కోసమే అయితే వద్దు, గ్యాస్ మీద ఇసుక పోసిన కుక్కరులో కూడా ఆ ఒక్క కేకూ వస్తుంది. బిస్కెట్లు, ఎండబెట్టే పనులు కూడా చేసే ఇంటికి తప్పక కొనదగ్గది. ఫ్యాను ఉన్నది తీసుకుంటే బిస్కెట్లకి రంగు సమంగా వస్తుంది, కేకుకి మాత్రం ఫ్యాను ఆపేయాలి, పైన త్వరగా ఎండుతుంది. కోడిని గుచ్చి తిప్పే రాడ్డుకి అదనంగా డబ్బు పెట్టొద్దు. లోపలి దీపం ఉండి తీరాలి, లేకపోతే చూడ్డానికి తలుపు తీస్తూనే ఉంటారు. ఇంటికి తెచ్చినప్పుడు తలుపు స్ప్రింగు గట్టిగా మూస్తోందా, టైమరు సున్నాకి వచ్చేసరికి గంట కొట్టి నిజంగా ఆగుతోందా, నాలుగు రాడ్లూ ఎర్రబడుతున్నాయా చూసుకుని, వారంటీ కాగితం మీద కొట్టు ముద్ర వేయించుకోండి. అడుగున రాలిన పొడి పట్టే రేకు ఒకటి ఉంటుంది, పని అయిన రాత్రే లాగి దులపాలి. మర్నాటికి వదిలితే చీమలు బారులు తీరతాయి, రాడ్ల సందుల్లోకి దూరాక వాటిని వదిలించడం చాలా కష్టం.